డ్రగ్స్ పరీక్ష కిట్: సీసాలు బాగున్నాయి, కార్డు బాగాలేదు

పెట్టె గట్టిది. సీసాల మూతలు కారవు. రసాయనాలు చెప్పిన పని చేస్తున్నాయి. లోపల పెట్టిన సూచనల కార్డును మాత్రం, అది రాసిన వ్యక్తిని ఒక రాత్రి కంటైనర్ యార్డులో నిలబెట్టి, అతని చేతనే చదివించాలి. నా అభిప్రాయం ఇంతే. ఓపిక ఉన్నవారు, ముఖ్యంగా ఇలాంటి కిట్ల టెండరు కాగితాల మీద సంతకాలు పెట్టేవారు, మిగతాది కూడా చదవండి.

నేను కస్టమ్స్ ప్రయోగశాలలో రసాయన పరీక్షకుడిగా పనిచేసి పదవీ విరమణ చేశాను. ఇప్పుడు అప్పుడప్పుడు కొత్త అధికారులకు శిక్షణ తరగతులు చెబుతుంటాను. ఈ కిట్ అలాంటి ఒక తరగతి కోసం వచ్చింది. ప్రయోగశాలవారు రిజిస్టరులో రాసి ఇచ్చిన ప్రామాణిక నమూనాల మీద, మందుల దుకాణంలో దొరికే మామూలు మాత్రల మీద, పంచదార మీద, ముఖానికి రాసుకునే పౌడరు మీద దీన్ని ప్రయోగించి చూశాను. కంపెనీ పేరు రాయను. ఇలాంటివి తయారుచేసేవారు చాలామంది ఉన్నారు, అందరి పెట్టెల్లోనూ ఇంచుమించు ఇవే రసాయనాలు ఉంటాయి. ఒకరిని తిట్టి మరొకరికి గిరాకీ పెంచడం నాకు అవసరం లేని పని.

తెలియనివారి కోసం రెండు మాటలు. రేవులోనో విమానాశ్రయంలోనో చెక్‌పోస్టులోనో అనుమానం కలిగించే పొడి దొరికితే, దాన్ని అక్కడికక్కడే చిటికెడు తీసి పరీక్షించేందుకు వాడేది ఈ కిట్. శాఖల్లో డ్రగ్ డిటెక్షన్ కిట్, పొట్టిగా డీడీ కిట్ అంటారు. పొడి మీద రసాయనం రెండు చుక్కలు వేస్తారు, రంగు మారుతుంది, ఆ రంగును కార్డు మీది బొమ్మతో పోల్చి పంచనామాలో రాస్తారు. సరుకును స్వాధీనం చేసుకోవాలా, మనిషిని అదుపులోకి తీసుకోవాలా అన్నవి చాలాసార్లు ఆ రంగు చూసిన తరువాతే తేలుతాయి. అంటే ఒక మనిషి స్వేచ్ఛ కాసేపు ఈ రెండు చుక్కల మీద ఆధారపడి ఉంటుంది. కిట్‌ను ఇంత నిశితంగా చూడడానికి కారణం అదే.

మూత మీద పెద్ద అక్షరాల్లో ఇది ముప్పైకి పైగా మాదకద్రవ్యాలను గుర్తిస్తుందని రాసి ఉంది. ఇది టెండరు కోసం రాసిన వాక్యం. లోపల ఉన్నవి పన్నెండు సీసాలు. ఏ సీసా కూడా ఫలానా మందు అని పేరు పెట్టి చెప్పదు. అణువులో ఒక రకమైన నిర్మాణం తగిలితే రంగు మారుతుంది, అంతవరకే దానికి తెలుసు. అలాంటి నిర్మాణమే ఉన్న జలుబు మాత్ర తగిలినా అది రంగు మారుస్తుంది. మందుల పేర్ల సంఖ్యను బట్టి కిట్‌ను ఎంచుకునే పద్ధతి మన కొనుగోలు విభాగాల్లో ఎప్పుడు పోతుందో తెలియదు. నాకైతే ముప్పై పేర్లు రాసిన మూత కంటే, ఏ పదార్థాలు తనను మోసం చేయగలవో ఒక అర పేజీ రాసిన కార్డు విలువైనది.

మొదటి సీసా మార్క్విస్ ద్రావణం. ఎడ్వర్డ్ మార్క్విస్ అనే ఔషధ రసాయనవేత్త 1896లో, ఇప్పటి ఎస్తోనియాలోని టార్టు నగరంలో దీన్ని కనుగొన్నాడు. ఫార్మల్డిహైడ్‌ను గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో కలిపితే అయిపోయింది. శతాబ్దం దాటినా దీని స్థానం చెక్కుచెదరలేదు. మార్ఫిన్, హెరాయిన్ తగిలితే ఊదా రంగు, ఆంఫెటమిన్, మెథాంఫెటమిన్ తగిలితే నారింజ రంగు వచ్చి మెల్లగా గోధుమ రంగుకు తిరుగుతుంది, పార్టీల్లో ఎక్స్‌టసీ పేరుతో తిరిగే ఎండీఎంఏ తగిలితే నలుపు. ఈ కిట్‌లోని మార్క్విస్ తాజాగా ఉంది, రంగులు చక్కగా, వెంటనే వచ్చాయి. పంచదార మీద వేస్తే ఆమ్లానికి మాడి ముదురు గోధుమ రంగుకు తిరిగింది. ఆస్పిరిన్ కాసేపటికి ఎరుపెక్కింది. ఇవి ఎవరైనా ఊహించేవే. కానీ కార్డులో 'ముప్పై సెకన్లలోపు వచ్చిన రంగునే లెక్కలోకి తీసుకోండి' లాంటి మాట ఒక్కటీ లేదు. ఆస్పిరిన్ ఎరుపు మెల్లగా వస్తుంది, హెరాయిన్ ఊదా వెంటనే వస్తుంది. తేడా అంతా సమయంలో ఉన్నప్పుడు, సమయం గురించి రాయని కార్డు ఎందుకు?

ఎంత పొడి వేయాలో కూడా సరిగ్గా రాయలేదు. 'కొద్దిగా' అని ఉంది. కొత్తగా చేరిన కుర్రాడికి కొద్దిగా అంటే చెంచాడు. గుండుసూది తలంత చాలు. ఎక్కువ వేస్తే ప్రతి రంగూ నల్లగానే కనిపిస్తుంది, నల్లగా కనిపిస్తే ఎండీఎంఏ అని రాసేస్తారు. పైగా స్వాధీనం చేసుకున్న సరుకును పరీక్ష పేరుతో ఎంత తక్కువ కదిలిస్తే కోర్టులో అంత మంచిది. ఒక బుల్లి చెంచా ఇచ్చారు, అందుకు సంతోషం. దాని గుంట మాత్రం కావలసిన దానికి నాలుగింతలు లోతుగా ఉంది.

ఈ పెట్టెలో నాకు అన్నిటికంటే నచ్చింది కొకెయిన్ పరీక్ష. దీన్ని స్కాట్ పరీక్ష అంటారు, మూడు మెట్లు. మొదట కోబాల్ట్ థయోసయనేట్ వేస్తే నీలం రావాలి. తరువాత హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేస్తే ఆ నీలం పోయి గులాబీ రావాలి. ఆఖరున క్లోరోఫాం పోసి ఊపితే, అడుగున చేరిన క్లోరోఫాం పొర నీలంగా మారాలి. మూడూ వరసగా వస్తేనే అనుమానం బలపడినట్టు. ఒక్క నీలానికి విలువ లేదు, ఎందుకంటే పళ్ల డాక్టరు మత్తుకు వాడే లిడోకెయిన్, అలర్జీకి వాడే డైఫెన్‌హైడ్రమిన్ కూడా మొదటి మెట్టులో నీలం చూపిస్తాయి. నా చేతిలోనూ చూపించాయి. గొట్టాలు గాజువి ఇచ్చారు, ఇది మంచి నిర్ణయం. చవక పాలిస్టైరీన్ గొట్టాలైతే క్లోరోఫాం తగలగానే మసకబారి, అడుగు పొర రంగు చూడడమే కష్టమవుతుంది.

మరి కార్డు ఏం చేసింది? మొదటి మెట్టు నీలాన్ని అరచేయంత బొమ్మగా వేసి, కింద 'పాజిటివ్' అని రాసింది. మిగతా రెండు మెట్లు వెనకవైపు, చీమ తలకాయంత అక్షరాల్లో, ఇంగ్లీషులో మాత్రమే ఉన్నాయి. తరగతిలో ఒక యువ అధికారిణి లిడోకెయిన్ గొట్టాన్ని పైకెత్తి చూపించింది.

"సార్, నీలం వచ్చింది. కొకెయిన్ అని రాసేయమంటారా?"

"వెనక ఏముందో చదివారా అమ్మా?"

"వెనక కూడా ఉందా సార్?"

ఆమె తప్పేమీ లేదు. రాత్రి రెండు గంటలకు, ఎదురుగా ప్రయాణికుడు, పక్కన ఇద్దరు పంచులు (పంచనామా సాక్షులు), ఫోనులో పైఅధికారి ఉన్నప్పుడు కార్డు తిప్పి చూసే తీరిక ఎవరికీ ఉండదు. ఆ పరిస్థితిని ముందే ఊహించి కార్డు రాయాలి. మూడు మెట్లనూ ఒకే వరసలో, ఒకే పరిమాణంలో వేసి, మూడో మెట్టు కిందే ఫలితం రాసి ఉంటే ఆ ప్రశ్నే పుట్టేది కాదు.

గంజాయి కోసం డ్యూకెనోయిస్–లెవిన్ పరీక్ష పెట్టారు. ఊదా రంగు క్లోరోఫాంలోకి దిగాలి, దిగింది. దాని గురించి ఇంకేమీ చెప్పను. మూటలు విప్పగానే వాసన కొట్టే గంజాయికి కిట్ అవసరం తక్కువ. ద్రవరూపంలో తెచ్చే హషీష్ నూనెకు పనికొస్తుంది.

మెథాంఫెటమిన్ సంగతి వేరు, ఇప్పుడు మన తీరాల్లో ఎక్కువగా ఆందోళన కలిగించేది ఇదే. 2023 మేలో కొచ్చి దగ్గర సముద్రంలో నార్కోటిక్స్ కంట్రోల్ బ్యూరో, నౌకాదళం కలిసి ఒక ఓడ నుంచి దాదాపు 2,500 కిలోలు పట్టుకున్నాయి. 2024 నవంబరులో అండమాన్ సమీపంలో కోస్ట్ గార్డు ఒక చేపల పడవలో ఐదు టన్నులకు పైగా పట్టుకుంది. స్ఫటికాలు చూడడానికి పటికలా, కలకండలా ఉంటాయి, కంటితో ఏమీ తేల్చలేం. కిట్‌లో మార్క్విస్ నారింజ చూపిస్తుంది, ఆపైన సైమన్ పరీక్ష నీలం చూపిస్తుంది. రెండూ కలిస్తే మెథ్ అని గట్టిగా అనుమానించవచ్చు. మామూలు ఆంఫెటమిన్ అయితే సైమన్‌లో నీలం రాదు. చక్కటి జోడీ. కానీ సైమన్ ద్రావణంలో అసిటాల్డిహైడ్ ఉంటుంది. అది సుమారు 20 డిగ్రీలకే మరిగిపోయే ద్రవం. మన వేసవిలో జీపు డిక్కీలో మధ్యాహ్నమంతా పడి ఉన్న పెట్టెలో ఆ సీసా ఎంతకాలం పనిచేస్తుందో మీరే ఊహించుకోండి. పనిచేయని సీసా తప్పుడు పాజిటివ్ ఇవ్వదు, అసలు ఏమీ చూపించదు. సరుకు దర్జాగా గేటు దాటి వెళ్లిపోతుంది, ఎవరూ ఫిర్యాదు చేయరు కాబట్టి ఆ వైఫల్యం ఏ ఫైలులోనూ కనిపించదు.

గడువు తేదీ బయటి అట్టపెట్టె మీద ఉంది, సీసాల మీద లేదు. అట్టపెట్టె మొదటి రోజే చెత్తబుట్టలోకి పోతుంది. ఇంత చిన్న విషయం కూడా నేనే చెప్పాలా అనిపించింది. ప్రతి సీసాకు తయారీ తేదీ, గడువు తేదీ, తెరిచిన తేదీ రాసుకునే చిన్న గడి ఉండాలి.

కిట్ పట్టలేనివి ఏమిటో కూడా చూడాలి. మెఫిడ్రోన్ అనే కృత్రిమ ఉత్ప్రేరక మత్తుమందు మీద మార్క్విస్ దాదాపు ఊరుకుంటుంది. దేశంలో రహస్య కర్మాగారాల్లో తయారై పట్టుబడుతున్న వాటిలో ఇదొకటి కాబట్టి, దీనికి స్పష్టమైన పసుపు రంగు ఇచ్చే లీబర్మన్ ద్రావణం పెట్టెలో ఉండి తీరాలి. లేదు. తెలంగాణలో కల్తీ కల్లు కేసుల్లో ఏళ్లుగా వినిపించే ఆల్ప్రజోలం అనే మత్తు మాత్ర పేరు మూత మీద ఉంది, కానీ అందుకోసం పెట్టిన సీసా నాకు నమ్మదగిన రంగు ఇవ్వలేదు. ఫెంటనిల్ లాంటి అతి బలమైన నొప్పి మందులు ఒకటి రెండు మిల్లీగ్రాములే ప్రాణం తీయగలవు. ఇతర పొడుల్లో అంత స్వల్పంగా కలిసిన వాటిని రంగుల పరీక్షతో పట్టాలనుకోవడం దురాశ. వాటికి గర్భ నిర్ధారణ పరీక్ష పట్టీల్లాంటి పట్టీలు ఉన్నాయి, అవి వేరుగా కొనాలి. నైటజీన్ల జాతి మత్తుమందులకు ఫెంటనిల్ పట్టీ కూడా పనికిరాదు. ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాల, నేరాల కార్యాలయం ముందస్తు హెచ్చరిక వ్యవస్థకు ఇప్పటిదాకా అందిన కొత్త మత్తు పదార్థాలే 1,200కు పైగా ఉన్నాయి. పన్నెండు సీసాల పెట్టె వాటన్నిటినీ పడుతుందని ఎవరూ ఆశించరు. 'పట్టదు' అని కార్డు మీద ఒక వరస రాయడానికి కంపెనీకి మనసొప్పదు, అంతే. నెగటివ్ వచ్చింది కాబట్టి వదిలేయండి అని ఏ కిట్టూ చెప్పకూడదు. అనుమానానికి వేరే కారణాలుంటే, రంగు రాకపోయినా నమూనా ప్రయోగశాలకు వెళ్లాలి.

ఇక యార్డు వెలుతురు. కొన్ని పాత యార్డుల్లో ఇంకా పసుపు సోడియం దీపాలే ఉన్నాయి. ఆ వెలుగులో నీలం నల్లగా, ఊదా మట్టిరంగుగా కనిపిస్తాయి. అదే గొట్టాన్ని తెల్ల దీపం కిందికి తెస్తే తప్ప రంగేమిటో చెప్పలేం. దానికి తోడు ఎరుపు, ఆకుపచ్చల తేడా సరిగ్గా తెలియని మగవాళ్లు ప్రతి పెద్ద కార్యాలయంలోనూ ఒకరిద్దరు ఉంటారు, వారిలో కొందరికి ఆ సంగతి తెలియదు కూడా. పెట్టెలో ఒక చిన్న తెల్ల ఎల్‌ఈడీ దీపం, వెనక పెట్టుకోవడానికి ఒక తెల్ల అట్ట ఉంటే సగం గొడవ తీరిపోతుంది. ఈ రెండూ లేవు. వాటి బదులు పెట్టె లోపలి మూతకు కంపెనీ చిహ్నం ముద్రించిన మెత్తటి నురుగు అతికించారు. నురుగు చాలా బాగుంది.

చేతి తొడుగులు నైట్రైల్‌వి, సరైనవే. కళ్లద్దాలు ఒక జత ఉన్నాయి. వాడేసిన ఆమ్లాన్ని నిర్వీర్యం చేసే సోడా పొట్లాలు కూడా ఉన్నాయి. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం జేబులో పెట్టుకుని తిరిగే ఉద్యోగం ఇది. ఈ విషయంలో కంపెనీని మెచ్చుకోవాలి, నా సర్వీసు తొలి రోజుల్లో ఇవేవీ ఇచ్చేవారు కాదు.

రంగులు వదిలి అసలు విషయానికి వస్తాను. 2021 సెప్టెంబరులో గుజరాత్‌లోని ముంద్రా రేవులో రెవెన్యూ ఇంటెలిజెన్స్ డైరెక్టరేట్ రెండు కంటైనర్లు తెరిచింది. కాగితాల మీద అవి అఫ్గానిస్తాన్ నుంచి ఇరాన్‌లోని బందర్ అబ్బాస్ మీదుగా వచ్చిన టాల్క్ రాళ్లు. దిగుమతి చేసుకున్న సంస్థ చిరునామా విజయవాడది. అందులో దొరికింది 2,988 కిలోల హెరాయిన్. అప్పుడు అన్ని టీవీల్లోనూ 21,000 కోట్ల రూపాయలనే మాట మోగిపోయింది. ఆ అంతర్జాతీయ మార్కెట్ ధర ఎవరు ఎలా కడతారో నాకు ఇన్నేళ్లలో అర్థం కాలేదు, దాన్ని పక్కన పెడదాం. రసాయన పరీక్షకుడికి ఆ కేసులో ముఖ్యమైన వివరం వేరే ఉంది. పెద్ద సంచుల్లో హెరాయిన్‌ను అడుగు పొరల్లో పెట్టి, పైన టాల్క్ రాళ్లు పోశారు. పై నుంచి గుప్పెడు తీసి ప్రపంచంలోకెల్లా ఖరీదైన కిట్‌తో పరీక్షించినా టాల్కే తేలుతుంది. అక్కడ సరుకును పట్టించింది ముందే అందిన సమాచారం, అడుగు దాకా వెళ్లిన ఓపిక.

దిగుమతుల్లో ప్రతి కంటైనర్‌నూ విప్పి చూడడం ఏ దేశానికీ సాధ్యం కాదు. కాగితాల్లో తేడాలు, కొత్త దిగుమతిదారు, సరుకు వచ్చిన దారి లాంటి వాటిని కంప్యూటర్ బేరీజు వేస్తుంది. ఎంపిక చేసిన వాటిని ఎక్స్‌రే స్కానర్ చూస్తుంది, కుక్క వాసన చూస్తుంది. ఇవన్నీ అయ్యాక ఆఖరున ఒక ఇన్‌స్పెక్టరు చేతిలో ఈ పెట్టె తెరుచుకుంటుంది. అంత పెద్ద యంత్రాంగం పడిన కష్టం ఆ చిటికెడు ఎక్కడి నుంచి తీశారన్న దాని మీద నిలబడుతుంది. అందుకే ఎన్ని సంచుల నుంచి, పైన మధ్య అడుగు ఏయే చోట్ల నుంచి తీయాలో చెప్పే బొమ్మ ఈ కార్డు మీద ఉండాలి. పొడవైన నమూనా గొట్టం ఒకటి పెట్టెలో ఉండాలి. రెండూ లేవు. అది మా పని కాదు, రసాయనాలు అమ్మడమే మా పని అని కంపెనీ అనవచ్చు. మూత మీద ముప్పై పేర్లు రాసినవారు ఆ మాట అనడానికి వీల్లేదు.

చట్టం దగ్గర కిట్ స్థానం ఎక్కడో కూడా చెప్పాలి, ఎందుకంటే శిక్షణకు వచ్చే పదిమందిలో ఎక్కువమంది రంగు వచ్చిందంటే కేసు అయిపోయిందనుకుంటారు. మాదకద్రవ్యాల మీద 1985లో వచ్చిన ఎన్‌డీపీఎస్ చట్టంలోని 52ఏ సెక్షన్ ప్రకారం మేజిస్ట్రేటు సమక్షంలో తీసిన నమూనాకు కోర్టులో ప్రాథమిక సాక్ష్యంగా బలం ఉంటుంది. మోహన్‌లాల్ కేసులో సుప్రీంకోర్టు 2016లో ఈ సంగతి నొక్కి చెప్పింది. దాని తరువాత 2022 డిసెంబరులో స్వాధీనం, నిల్వ, నమూనాల సేకరణ మీద కొత్త నియమాలు వచ్చాయి. హెరాయిన్, కొకెయిన్ లాంటివైతే ఐదేసి గ్రాముల నమూనాలు, గంజాయి, చరస్, నల్లమందు అయితే 24 గ్రాములు, జోడీగా తీయాలి. ప్రయోగశాల పదిహేను రోజుల్లో నివేదిక ఇవ్వాలి. అంటే కిట్ రంగు ఆ దారిలో మొదటి గుమ్మం మాత్రమే.

కానీ ఆ గుమ్మం దాటినవాడి పరిస్థితి చూడండి. హెరాయిన్ 250 గ్రాములు, కొకెయిన్ 100 గ్రాములు, గంజాయి 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం. కనీస శిక్ష పదేళ్లు. 37వ సెక్షన్ వల్ల బెయిలు దాదాపు అసాధ్యం. పైగా హీరాసింగ్ కేసులో 2020 తీర్పు తరువాత అసలు మందు ఎంతన్నది కాకుండా, కలిపిన పిండితో సహా మొత్తం పొడి బరువు లెక్కలోకి వస్తుంది. కిట్‌కు బరువు తెలియదు, పాళ్లు తెలియవు, ఉందా లేదా అన్న అనుమానమే తెలుసు. 300 గ్రాముల పొడిలో రవ్వంత హెరాయిన్ ఉన్నా మార్క్విస్ ఊదాగానే వెలుగుతుంది. అది హెరాయిన్ అయితే న్యాయమే. అమాయకపు పదార్థం అయితే, ప్రయోగశాల నివేదిక వచ్చేదాకా ఆ మనిషి లోపల ఉంటాడు, ఆ నివేదిక పదిహేను రోజుల్లో వస్తుందన్న నియమం కాగితం మీద ఉన్నంత గట్టిగా ప్రతిచోటా ఉండదని మా వృత్తిలోని వారందరికీ తెలుసు. అమెరికాలో హ్యూస్టన్ నగరం ఉన్న హారిస్ కౌంటీలో ఇలాంటి కిట్ల రంగు చూసి భయపడి నేరం ఒప్పుకుని శిక్ష అనుభవించినవారి నమూనాలు తరువాత ప్రయోగశాలలో మత్తుమందు కాదని తేలిన కేసులు వరసగా బయటపడ్డాయి. హ్యూస్టన్ పోలీసులు 2017లో వీధి పరీక్షలు మానేశారు. మనం మానేయాలని నేను అనను. రేవులో కిట్ లేకపోతే ప్రతి తెల్ల పొడినీ రోజుల తరబడి ఆపాల్సి వస్తుంది, నిజాయితీగా వ్యాపారం చేసేవాడు నలిగిపోతాడు. రంగు చూసి సరుకును ఆపండి, నమూనా తీయండి, ప్రయోగశాల వెంట పడండి. పంచనామాలో 'హెరాయిన్ అని తేలింది' అని రాయకుండా 'ఫలానా ద్రావణానికి, ఇన్ని సెకన్లలో, ఊదా రంగు వచ్చింది' అని రాయండి. రేపు డిఫెన్స్ న్యాయవాది అడిగే మొదటి ప్రశ్నకు జవాబు అందులోనే ఉంటుంది.

ఈ డబ్బుతో చేతిలో పట్టుకునే రామన్ యంత్రం కొనకూడదా అని తరగతిలో ఎవరో ఒకరు ప్రతిసారీ అడుగుతారు. నేను దాన్నీ వాడాను. పారదర్శకమైన సంచి విప్పకుండానే లేజరు పంపి, లోపలి పదార్థం వేలిముద్రను తన జాబితాతో పోల్చి పేరు చెబుతుంది. స్వచ్ఛమైన మెథ్, కెటమిన్ మీద అద్భుతంగా పనిచేస్తుంది. ముదురు గోధుమ రంగు హెరాయిన్ మీద లేజరు పడగానే ఆ పదార్థమే వెలుగు చిమ్మి యంత్రాన్ని గుడ్డిదాన్ని చేస్తుంది. మిశ్రమంలో మందు పాలు బాగా తక్కువైతే పిండి పేరు చెప్పి ఊరుకుంటుంది. జాబితాను ఎప్పటికప్పుడు నవీకరించకపోతే కొత్త మత్తుమందులు దానికి తెలియవు. ఖరీదు సంగతి చెప్పనవసరం లేదు. పెద్ద రేవుల్లో, అంతర్జాతీయ విమానాశ్రయాల్లో అది ఉండాలి, దాని పక్కన ఈ పెట్టె కూడా ఉండాలి. రెండు వేర్వేరు పద్ధతులు ఒకే మాట చెబితేనే నాకు నిద్ర పడుతుంది. కొండ దారి చెక్‌పోస్టుకు మాత్రం ఈ పెట్టే దిక్కు.

మార్కులు వేయమంటే, రసాయనాలకు ఐదుకు నాలుగు. లీబర్మన్ ఉంటే నాలుగున్నర వేసేవాణ్ణి. భద్రతా సామగ్రికి నాలుగు. కార్డుకు ఒకటి, అదీ అట్ట మందంగా ఉంది కాబట్టి. కొనవచ్చా అంటే కొనవచ్చు, కానీ కార్డును పారేసి శాఖే సొంతంగా తెలుగులోనో హిందీలోనో మూడు పేజీలు రాయించి, ప్లాస్టిక్ పొరలో పెట్టి పెట్టెకు కట్టాలి. ప్రతి కిట్ వాడే ముందు ఖాళీ గొట్టంలో ఒకసారి, పాజిటివ్ రావలసిన ఏదైనా సాధారణ పదార్థం మీద ఒకసారి వేసి చూసే అలవాటు చేయించాలి. కోబాల్ట్ సీసాకు లిడోకెయిన్ చాలు, సీసా బతికుందో లేదో అరనిమిషంలో తెలిసిపోతుంది.

ఆర్డరు పెట్టేవారికి ఒక మాట. పన్నెండు సీసాలనూ ఒకేసారి ఏడాదికి సరిపడా తెప్పించుకోకండి. సైమన్, డ్యూకెనోయిస్ ద్రావణాలను విడిగా, మూడు నెలలకోసారి, తక్కువ తక్కువగా తెప్పించి, ఫ్రిజ్‌లో ఉంచి, బయటికి వెళ్లేటప్పుడు మంచు సంచిలో పెట్టి ఇవ్వండి. టెండరులో ఆ షరతు రాస్తే కంపెనీ ఒప్పుకుంటుంది, నేను ఫోను చేసి అడిగాను.